గజ్జ హెర్నియా ఆపరేషన్ తర్వాత నర్వ్ బ్లాక్: ఎంతవరకు పనిచేస్తుంది, ఆ తర్వాత ఏం చేయాలి

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తాను, చదివే మిగతావారికి కూడా తెలియాలి కాబట్టి. మీ నాన్నగారి వయసు 68, బరువు 60 కిలోలు, షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. నాలుగేళ్ల క్రితం ఎడమ గజ్జలో హెర్నియాకు కోసి మెష్ (సన్నని వల లాంటి ఆసరా) వేశారు. ఆ రోజు సాయంత్రం వరకు బాగానే ఉన్నారు గానీ, రాత్రి మొదలైన నొప్పి ఆయన్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. పాత కుట్ల దగ్గర ఇప్పటికీ అప్పుడప్పుడూ మంట వస్తుంది. ఇప్పుడు కుడివైపు అదే ఆపరేషన్ చేయాలన్నారు, ఈసారి వెన్నులో ఇచ్చే మత్తుతో పాటు నర్వ్ బ్లాక్ (నొప్పి మోసే నరాల పక్కన మందు ఇచ్చి, ఆ చోటును కొన్ని గంటలు మొద్దుబార్చడం) కూడా ఇస్తామని మత్తు డాక్టరు చెప్పారు. అది అవసరమా, దానివల్ల నరం దెబ్బతింటుందా, ఎంతసేపు పనిచేస్తుంది అని మీరు అడిగారు.

ఇప్పించమనే నా సలహా. మత్తు వైద్యుడిగా ఈ ఆపరేషన్ అయినవారిని థియేటర్‌లోనే కాక, ఆ రాత్రి వార్డులోనూ మర్నాడు పొద్దున్నా చూస్తూ వచ్చినవాడిగా ఈ మాట చెప్తున్నాను. అయితే నొప్పి భారమంతా బ్లాక్ ఒక్కటే మోయదు. అది మొదటి కొన్ని గంటలను కాచుకుంటుంది. ఆ గంటలు గడిచేలోగా నోటి ద్వారా ఇచ్చే మందులు ఒంట్లోకి చేరి పని మొదలుపెట్టి ఉండాలి. బ్లాక్ ఇచ్చినా లాభం లేకపోయిందని చెప్పేవారిని కాస్త వివరంగా అడిగితే, చాలా సందర్భాల్లో సూది సరిగ్గానే పనిచేసి ఉంటుంది, ఆ తర్వాతి మాత్రే వేళకు పడి ఉండదు.

నొప్పి ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే బ్లాక్ హద్దులు కూడా తెలుస్తాయి. గజ్జ ప్రాంతానికి ముఖ్యంగా మూడు నరాలు ఉన్నాయి: ఇలియోఇంగ్వినల్, ఇలియోహైపోగ్యాస్ట్రిక్, జెనిటోఫెమొరల్. మొదటి రెండూ నడుము దగ్గర వెన్ను నుంచి బయలుదేరి, తుంటి ఎముక పైభాగం మీదుగా పక్క నుంచి ముందుకు వచ్చి, పొట్ట కండరాల పొరల మధ్యగా గజ్జలోకి దిగుతాయి. కోత పెట్టిన చర్మం, దాని కింది పొరలు, కుట్లు వేసిన కండరం నుంచి వచ్చే నొప్పిలో ఎక్కువ భాగాన్ని మోసేవి ఇవే. మన ఊళ్లలో ఇచ్చే బ్లాక్ సాధారణంగా ఈ రెండింటికే. మూడో నరం కొమ్మ వేరే దారిలో, వృషణానికి వెళ్లే తాడుతో కలిసి నడుస్తుంది. వృషణం నుంచి వచ్చే లోతైన నొప్పి మోసే నరాలైతే రక్తనాళాల వెంట చాలా పైనుంచి, దాదాపు బొడ్డుకు స్పర్శనిచ్చే స్థాయి నుంచి దిగివస్తాయి. హెర్నియా సంచిని విడదీసేటప్పుడు సర్జన్ ఆ తాడును పట్టుకుని పక్కకు లాగక తప్పదు. అందువల్ల బ్లాక్ చక్కగా పనిచేసినా, కోత దగ్గర ఏమీ తెలియకపోయినా, వృషణంలో బరువుగా లాగుతున్నట్టు ఉందని కొందరు అంటారు. అది బ్లాక్ విఫలమైనట్టు కాదు. దాన్ని తగ్గించేవి మాత్రలు, లంగోటా లాగా కింది నుంచి ఆసరా ఇచ్చే బిగుతైన లోదుస్తు.

ఇది ఇటీవల పుట్టిన పద్ధతి అనుకుని కొందరు జంకుతారు. నిజానికి 1900లోనే అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హార్వీ కుషింగ్, అనంతరం మెదడు శస్త్రచికిత్సకు పేరుపొందిన ఆయనే, గజ్జలోని ఈ నరాలకు కొకైన్ ద్రావణం ఇచ్చి, పూర్తి మత్తు ప్రమాదకరమైన రోగులకు హెర్నియా ఆపరేషన్లు చేసిన అనుభవాన్ని ప్రచురించాడు. కెనడాలో హెర్నియాలకే పేరుబడ్డ షోల్డైస్ ఆసుపత్రి దశాబ్దాలుగా ఎక్కువ ఆపరేషన్లను స్థానిక మత్తుతోనే చేస్తోంది. ఈ మధ్య మారినవల్లా మందులు, వాటిని చేర్చే కచ్చితత్వం. అప్పటి కొకైన్ స్థానంలో ఇప్పుడు బుపివకైన్, రోపివకైన్ ఉన్నాయి. చేతి అంచనాతో గుచ్చే చోట ఇప్పుడు అల్ట్రాసౌండ్ స్కానింగ్ చూస్తూ గుచ్చుతున్నారు.

ఆ స్కానింగ్ తెర మీద కనిపించేది మీకు చెప్తే భయం కొంత తగ్గుతుందని నా నమ్మకం. తుంటి ఎముక ముందుకు పొడుచుకొచ్చే మొన మన చేతికి తగులుతుంది. దానికీ బొడ్డుకూ మధ్య గీత గీసినట్టుగా ప్రోబ్ (స్కానింగ్ యంత్రానికి ఉండే చేతి పరికరం) ఆనిస్తే, పొట్ట కండరాలు మూడు పొరలుగా, ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. మధ్య పొరకూ అట్టడుగు పొరకూ నడుమ తెల్లని సన్నని గీత ఉంటుంది, ఎముకకు దగ్గరగా ఆ గీతలోనే రెండు నరాలు చిన్న నల్లటి గింజల్లా కనిపిస్తాయి, వాటి పక్కనే సన్నని ధమని కొట్టుకుంటూ ఉంటుంది. సూదిని పక్కనుంచి, దాని మొన తెర మీద కనిపిస్తూ ఉండగా ఆ గీత దాకా తీసుకెళ్లి, ముందు ఒకటి రెండు మిల్లీలీటర్లు వదులుతారు. సూది సరైన చోట ఉంటే రెండు పొరలూ విడిపోయి మధ్యలో నల్లటి మడుగు ఏర్పడుతుంది, కండరంలో ఉంటే కండరమే ఉబ్బుతుంది, అప్పుడు సూదిని కొద్దిగా జరుపుతారు. చూడండి, మందు నరంలోకి ఇవ్వడం లేదు, నరం పక్కనున్న పొరలోకి ఇస్తున్నారు. అట్టడుగు పొర కింద పేగులు ఉంటాయి కాబట్టి సూది మొన కనిపించకుండా ముందుకు నెట్టకూడదన్నది ఈ పనిలో మొదటి నియమం. మందు మొత్తం 10 నుంచి 20 మిల్లీలీటర్ల మధ్య ఉంటుంది, పని అయిదు పది నిమిషాల్లో ముగుస్తుంది. వెన్ను మత్తు ఎక్కిన తర్వాత ఇస్తే గుచ్చినట్టు కూడా తెలియదు.

మీ డాక్టరు ట్యాప్ బ్లాక్ అని చెప్పి ఉంటే, అది కూడా ఇదే రెండు పొరల మధ్య ఇచ్చేదే. కాకపోతే మరికొంత పైన, పక్కగా ఇస్తారు, పొట్ట గోడలో ఎక్కువ మేరకు వ్యాపిస్తుంది. దీన్ని 2001లో రఫీ అనే వైద్యుడు మొదట వివరించాడు. రంధ్రాల ద్వారా చేసే ల్యాప్రోస్కోపీకి అది బాగా నప్పుతుంది. గజ్జలో కోత పెట్టి చేసే ఆపరేషన్‌కు మాత్రం నేను ఇలియోఇంగ్వినల్ బ్లాక్‌నే ముందు ఎంచుకుంటాను, నొప్పి మోసే నరాలకు అది దగ్గరగా ఉంటుంది కాబట్టి. దానితో పాటు సర్జన్ కుట్లు వేసే ముందు కోత అంచుల్లో కొంత మందు వేస్తే ఇంకా మంచిది. స్కానింగ్ యంత్రం లేని ఆసుపత్రిలో సర్జన్ కళ్లెదుట నరాన్ని చూస్తూ మందు వేసినా ఎంతో మేలు జరుగుతుంది, కాబట్టి యంత్రం లేదన్న కారణంగా ఆసుపత్రి మార్చవలసిన పని లేదు. కోసి చేసే గజ్జ హెర్నియా ఆపరేషన్లన్నిటిలో ఏదో ఒక రూపంలో స్థానికంగా ఈ మందు ఇవ్వాలని 2018లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా సిఫారసు చేశాయి.

ఇక ఎంతసేపు అన్న ప్రశ్న. మీ నాన్నగారికి పోయినసారి ఏం జరిగిందో కూడా ఇందులోనే ఉంది. వెన్నులో ఇచ్చిన మత్తు రెండు నుంచి నాలుగు గంటల్లో దిగిపోతుంది, కాళ్లు కదులుతాయి, చాలామంది సాయంత్రానికి ఇడ్లీ తిని కూర్చుంటారు. థియేటర్‌లో ఇచ్చిన నొప్పి ఇంజెక్షన్ ప్రభావం కూడా అప్పటికి కొంత మిగిలే ఉంటుంది. అది అయిపోయేసరికి రాత్రి అవుతుంది, వార్డులో దీపాలు ఆర్పేస్తారు, నర్సును పిలవడానికి పెద్దవారు మొహమాటపడతారు. బుపివకైన్‌తో ఇచ్చిన బ్లాక్ సాధారణంగా 6 నుంచి 12 గంటలు పనిచేస్తుంది, కొందరిలో ఇంకొంచెం ఎక్కువ. ఉదయం 10 గంటలకు ఇస్తే సాయంత్రం 4కు, రాత్రి 10కి మధ్య ఎప్పుడైనా అది వదలవచ్చు. వదలడం కూడా మెల్లగా తెలియదు, గంటలోపే మొద్దుబారిన చోట నొప్పి పూర్తిగా మేల్కొంటుంది. అప్పుడు మాత్ర వేస్తే అది పనిచేయడానికి మరో ముప్పావు గంట పడుతుంది, ఆ ముప్పావు గంటే మనిషిని కుంగదీస్తుంది. అందుకే, నొప్పి లేకపోయినా సాయంత్రం మాత్ర వేయాల్సిందే. నాకు నొప్పి లేదు, మాత్రెందుకు అని మీ నాన్నగారు అంటారు, దాదాపు అందరూ అంటారు. ఆ మాటకు లొంగకండి. బ్లాక్ ఇచ్చిన సమయాన్ని ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, దాని నుంచి అయిదు గంటలు లెక్కవేసి, డాక్టరు రాసిన మొదటి మాత్ర ఆ లోపు పడేలా చూడండి.

ఏ మాత్ర అన్నది మీ నాన్నగారి విషయంలో కొంత జాగ్రత్తగా ఆలోచించాలి. పునాది పారాసిటమాల్. ఇది నొప్పి వచ్చినప్పుడు వేసుకునేది కాదు, మొదటి రెండు మూడు రోజులు గంటల ప్రకారం వేసుకునేది. 650 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు నాలుగుసార్లు అంటే 2.6 గ్రాములు, కాలేయం బాగున్న పెద్దవారికి అది హద్దులోనే ఉంటుంది. కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన దగ్గర నొప్పికి ఎక్కువగా రాసే అసెక్లోఫెనాక్ మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు కలిపే ఉంటుంది, ట్రమడాల్ మాత్రల్లోనూ అంతే. చీటీలో రెండు పేర్లు కనిపిస్తాయి, లోపల ఒకే మందు రెండుసార్లు ఉంటుంది. మందుల షాపులో అట్ట వెనుక చదివించుకుని మొత్తం ఎంత అవుతోందో కూడండి.

రెండో స్తంభం అసెక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి వాపు తగ్గించే మందులు. ఈ ఆపరేషన్‌కు ఇవి నిజంగా గుణమిస్తాయి, ఎందుకంటే ఆ లోతైన లాగుడు నొప్పి మీద కూడా పనిచేస్తాయి. కానీ 68 ఏళ్ల వయసు, షుగరు, దానికి తోడు బీపీకి టెల్మిసార్టాన్ లాంటిది, నీరు తగ్గించే మాత్ర కూడా వాడుతూ ఉంటే, ఈ మూడు రకాల మందులూ కలిసినప్పుడు కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆపరేషన్ కోసం ఉపవాసం ఉండి ఒంట్లో నీరు తగ్గితే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఎలాగూ చేసి ఉంటారు, ఆ కాగితం, రోజువారీ మాత్రల అట్టలు రెండూ మత్తు డాక్టరుకు చూపించి, ఈ మందులు వాడవచ్చా, ఎన్ని రోజులు అని సూటిగా అడగండి. వాడకూడదని చెప్తే బ్లాక్ విలువ రెట్టింపవుతుంది. ఇలాంటి పెద్దవారికే నేను బ్లాక్ కోసం మరింత పట్టుబడతాను.

ట్రమడాల్ లాంటి బలమైన మందులను చివరి ఆసరాగానే ఉంచాలి. వాటివల్ల వికారం, మగత ఒక సంగతి, మలబద్ధకం ఇంకో సంగతి. హెర్నియా కుట్ల మీద ముక్కడం అంటే ఏమిటో మళ్లీ చెప్పనక్కర్లేదు. అవి వాడవలసి వస్తే అదే రోజు నుంచి విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా అడగండి. ఈ వయసులో ప్రోస్టేట్ పెరిగి ఉండేవారు ఎక్కువ. వెన్ను మత్తు, దాని మీద ట్రమడాల్ కలిస్తే మూత్రం బిగిసిపోవచ్చు. ఆపరేషన్ అయ్యాక ఆరు గంటలు దాటినా మూత్రం రాకపోయినా, పొత్తికడుపు ఉబ్బుతున్నా నర్సుకు చెప్పాలి. పొత్తికడుపు నొప్పిని కోత నొప్పిగా భావించి ఇంకో ఇంజెక్షన్ వేయించుకున్నవారిని నేను చూశాను, మూత్రం బయటికి తీసే ఒక గొట్టంతో (కెథెటర్) తీరే బాధ అది.

నరం దెబ్బతింటుందా అన్న మీ భయానికి వస్తాను. శాశ్వతంగా దెబ్బతినడం చాలా అరుదు. తరచుగా కనిపించేది వేరొకటి ఉంది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి కంగారు పుడుతుంది. మందు కొంచెం లోతుగా జారి తొడకు వెళ్లే ఫెమొరల్ నరం చుట్టూ చేరితే, ఆ వైపు మోకాలు కొన్ని గంటలపాటు నిలవదు. బ్లాక్ వదిలేసరికి ఆ బలహీనత పూర్తిగా పోతుంది. కానీ అది తెలియక బాత్రూముకు లేచి పడిపోతే తుంటి ఎముక విరగవచ్చు. కాబట్టి మొదటిసారి లేచేటప్పుడు మంచం అంచున కూర్చోబెట్టి, కుడి మోకాలు చాచి గాలిలో నిలపమనండి. నిలిపితేనే నిలబడాలి, అప్పుడు కూడా పక్కన ఒక మనిషి ఉండాలి. స్పర్శ లేని చోట వేడినీళ్ల సంచి పెట్టకండి. చర్మం కాలినా ఆయనకు తెలియదు.

నిజమైన ప్రమాదం ఒకటుంది, అది మందు రక్తంలోకి ఎక్కువగా చేరడం. పెదవుల చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు, మాట తడబడటంతో మొదలై, తీవ్రమైతే ఫిట్స్, గుండె లయ తప్పడం దాకా పోవచ్చు. అందుకే బుపివకైన్‌ను కిలోకు 2 మిల్లీగ్రాములు దాటనివ్వం. 60 కిలోలకు 120 మిల్లీగ్రాములు, అంటే 0.25 శాతం ద్రావణమైతే 48 మిల్లీలీటర్లు, 0.5 శాతమైతే 24 మాత్రమే. మత్తు డాక్టరు బ్లాక్‌కు వాడినదీ, సర్జన్ కోతలో వేసినదీ కలిపి ఈ లెక్కలో ఉండాలి. ఇద్దరూ ఒకరికొకరు గట్టిగా చెప్పుకుని కూడుకోవడమే ఇక్కడ భద్రత. ఈ విషప్రభావానికి విరుగుడుగా వాడే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ థియేటర్‌లో ఉందా అని మీరు అడిగితే ఏ డాక్టరూ తప్పు పట్టరు. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో కూడా తప్పకుండా చెప్పండి.

షుగరు ఉన్నవారి విషయంలో మరో మాట. బ్లాక్ ఎక్కువసేపు ఉండేందుకు కొందరు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వాడతారు, అది ఒకటి రెండు రోజులు షుగరును పెంచుతుంది. ఇచ్చినట్లయితే ఇంట్లో గ్లూకోమీటరుతో మామూలు కంటే ఎక్కువసార్లు చూడండి. షుగరు వల్ల ఆయన పాదాల్లో ఇప్పటికే తిమ్మిర్లు ఉంటే ఆ సంగతి ముందే కేసు షీటులో రాయించండి, తర్వాత దాన్ని బ్లాక్‌కు అంటగట్టే అయోమయం ఉండదు.

మర్నాటి నొప్పిని బ్లాక్ ఆపలేదు. పడుకుని ఉంటే తక్కువగా, దగ్గితే, లేస్తే ఎక్కువగా ఉండటం సహజం. లేచేటప్పుడు నేరుగా పొట్ట బిగించి లేవకుండా, ముందు పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించి, చేత్తో మంచాన్ని నొక్కుతూ లేవాలి. దగ్గు వస్తే చిన్న దిండును కోత మీద గట్టిగా అదిమి పట్టుకోవాలి. మొదటి మూడు నాలుగు రోజుల్లో నొప్పి రోజురోజుకూ కొంచెమైనా తగ్గుతూ రావాలి. అలా తగ్గినది మళ్లీ పెరిగినా, జ్వరం వచ్చినా, వృషణం గట్టిపడి వాచినా సర్జన్ చూడాలి. అలాంటి నొప్పిని మాత్రలతో కప్పిపెట్టకూడదు.

చివరిగా, మీరు రెండు వాక్యాల్లో దాటేసిన ఎడమవైపు మంట గురించి. ఈ ఆపరేషన్ తర్వాత మూడు నెలలు దాటినా పనికి అడ్డొచ్చే స్థాయిలో లేదా దానికి దగ్గరగా నొప్పి మిగిలేవారు నూటికి 10 నుంచి 12 మంది వరకు ఉంటారని పైన చెప్పిన మార్గదర్శకాలే చెప్తున్నాయి, కాలం గడిచేకొద్దీ ఆ సంఖ్య తగ్గుతుంది. మొదటి రోజుల్లో నొప్పి తీవ్రంగా ఉండటం, మునుపు అలాంటి నొప్పి ఉండటం ఆ ముప్పును పెంచే అంశాలు. బ్లాక్ ఇస్తే అలాంటి నొప్పి రాదని హామీ ఇవ్వడానికి తగిన ఆధారం లేదు, ఆ హామీ ఇచ్చేవారిని నమ్మకండి. అయితే మొదటి రాత్రి నొప్పిని అదుపులో పెట్టడానికి మాత్రం ఇదొక బలమైన కారణం.

ఆపరేషన్‌కు ముందు చెకప్‌కు వెళ్లే రోజు, ఎడమవైపు మంట ఎక్కడ వస్తుందో ఆయన చేతనే చర్మం మీద పెన్నుతో గీయించి ఫొటో తీసి తీసుకెళ్లండి. బట్ట తగిలినా మండుతోందా, తాకితే మొద్దుగా ఉందా, నడిస్తే పెరుగుతోందా అన్నవి రాసుకోండి. అది నరపు నొప్పి అయితే దానికి వేరే మందులు ఉన్నాయి, అదే నరానికి పరీక్ష కోసం కొద్ది మందుతో బ్లాక్ ఇచ్చి, కొన్ని గంటలు మంట పూర్తిగా పోతోందా అని చూసి కారణం తేల్చవచ్చు. ఆ పరీక్షను కుడివైపు ఆపరేషన్ రోజునే కలిపి చేయించవద్దు. వెన్ను మత్తులో ఎడమవైపు ఏం తగ్గిందో ఆయన చెప్పలేరు, మందు మోతాదు కూడా రెండు వైపులకూ పంచుకోవలసి వస్తుంది. కుడివైపు కోలుకుని, నొప్పి మాత్రలు మానేశాక, నొప్పి చికిత్స విభాగం ఉన్న ఆసుపత్రిలో విడిగా ఒక పూట దానికోసమే వెళ్లండి.